భారమంతయు ఒక్కరిదేనా? క్రైస్తవ తల్లి సమయమును గూర్చిన బోధలపై ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతము

మన సంఘములలో తల్లులకు వినిపించు బోధలలో సమయమును గూర్చిన బోధకు ప్రముఖ స్థానమున్నది. స్త్రీల సదస్సులలోను, మాతృదినోత్సవ ఆరాధనలలోను, అనుదిన ధ్యాన పుస్తకములలోను ఇది పదే పదే కనబడుచున్నది. ఇంటిపని, ఉద్యోగము, పిల్లల చదువు, అత్తమామల సేవ, సంఘ కార్యక్రమములు, వీటన్నిటి నడుమ నలిగిపోవు తల్లికి ఈ బోధ ఇచ్చు సలహా స్థూలముగా ఐదు మాటలలో ఇముడును. మొదటిది, దేవుడు, భర్త, పిల్లలు, సంఘము, ఉద్యోగము అను ప్రాధాన్యతా క్రమమును తప్పక పాటించుము. రెండవది, ఇంటిల్లిపాదికంటె ముందుగా వేకువనే లేచి ప్రార్థించుము. మూడవది, మార్తవలె తొందరపడక మరియవలె ఉండుము. నాల్గవది, సామెతలు 31వ అధ్యాయములోని గుణవతిని మాదిరిగా పెట్టుకొనుము. ఐదవది, ఇంతమంది పిల్లలను పెంచుచునే ప్రార్థనాపరురాలిగా జీవించిన సుసన్నా వెస్లీని చూడుము.

ఈ సలహాల వెనుకనున్న సదుద్దేశమును మేము శంకించుట లేదు. వీటివలన మేలు పొందిన కుటుంబములు అనేకములు. అయితే ఈ ఐదింటికి ఆధారముగా చూపబడుచున్న లేఖన భాగములను వాటి సందర్భములో చదివినప్పుడు, అవి మనము చెప్పుచున్నదానికి భిన్నమైన దిశలో నడుచుట గమనింపగలము. ఈ బోధ తల్లి అలసటను ఆమె వ్యక్తిగత క్రమశిక్షణకు సంబంధించిన సమస్యగా చూచుచున్నది. లేఖనమైతే మోయలేని భారమును మోయువాని క్రమశిక్షణా లోపముగా గాక, పంచుకొనవలసిన సమాజపు బాధ్యతగా చూచుచున్నది. ఈ వ్యత్యాసమును నిరూపించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

1. ప్రాధాన్యతా క్రమము: దేవుడు జాబితాలో ఒక అంశమా?

మొదట దేవుడు, తరువాత భర్త, తరువాత పిల్లలు అను క్రమము వినుటకు నిర్దోషముగా ఉన్నది. కాని ఈ క్రమము ఈ రూపములో పరిశుద్ధ గ్రంథములో ఎక్కడను లేదు. ప్రభువు ధర్మశాస్త్రమును రెండు ఆజ్ఞలుగా సంగ్రహించినప్పుడు రెండవ ఆజ్ఞ మొదటిదానివంటిదే అని చెప్పెనేగాని, మొదటిది ముగిసిన తరువాత రెండవది ప్రారంభమగునని చెప్పలేదు (మత్తయి 22:37-40). దేవుడు మన గంటలలో మొదటి గంటకు మాత్రమే హక్కుదారుడు కాడు, అన్ని గంటలకును ఆయనే ప్రభువు. జ్వరముతోనున్న బిడ్డకు తెల్లవారుజామున తడిగుడ్డ వేయుచున్న తల్లి దేవుని గంటను దొంగిలించి పిల్లల గంటకు ఇచ్చినది కాదు.

దేవుని పేరట కుటుంబ బాధ్యతను వెనుకకు నెట్టుటను ప్రభువు స్వయముగా ఖండించెను. కొర్బాను అను మాటతో తల్లిదండ్రులకు చేయవలసినదానిని తప్పించుకొనిన వారిని గూర్చి మార్కు 7:9-13లో ఆయన పలికిన తీర్పు తీవ్రమైనది. వారి ప్రాధాన్యతా పట్టికలో దేవుడే మొదట ఉన్నాడు. అయినను వారు దేవుని ఆజ్ఞను నిరర్థకము చేసిరని ఆయన చెప్పెను.

హన్నా చరిత్ర ఈ విషయములో మన సంఘములు శ్రద్ధగా చదువవలసిన భాగము. సమూయేలు పుట్టిన తరువాత ఎల్కానా ఇంటివారందరితో ఏటేట అర్పించు బలి నిమిత్తము షిలోహుకు వెళ్లెను. హన్నా వెళ్లలేదు. బిడ్డ పాలు విడుచువరకు రానని భర్తతో చెప్పెను. ఆమెకు మంచిదని తోచినట్లు చేయుమని అతడు సమ్మతించెను (1 సమూయేలు 1:21-23). బిడ్డకొరకు కన్నీటితో ప్రార్థించి, ఆ బిడ్డను దేవునికి మ్రొక్కుకొనిన స్త్రీయే ఆరాధన కూటమునకు కొన్ని సంవత్సరములు దూరముగా ఉన్నది. ఇందునుగూర్చి గ్రంథకర్త ఒక్క నిందావాక్యమైనను వ్రాయలేదు. చంటిబిడ్డ తల్లి శుక్రవారపు ఉపవాస ప్రార్థనకు రాలేదని గుసగుసలాడు సంఘములు ఈ మౌనమును గమనింపవలెను.

ఈ క్రమము మరియొక విధముగా కూడ లోపభూయిష్టము. ఎంచుకొనుటకు వీలున్న స్త్రీకే అది వర్తించును. గోదావరి జిల్లాలనుండియు, కడప ప్రాంతమునుండియు కువైటు మొదలగు గల్ఫ్ దేశములకు ఇంటిపనికి వెళ్లిన తల్లులలో మన సంఘ సభ్యులును ఉన్నారు. వారు తమ బిడ్డలను అమ్మమ్మల యొద్ద విడిచి ఇతరుల బిడ్డలను ఎత్తుకొనిరి. పిల్లలు మూడవ స్థానము, ఉద్యోగము ఐదవ స్థానము అను పట్టికను అట్టి తల్లి యెదుట పెట్టినయెడల, అది ఆమెకు దారి చూపదు, గాయపరచును. ఆమె ఉద్యోగమునకు వెళ్లినది పిల్లల నిమిత్తమే. ఆమె జీవితములో మూడవదియు ఐదవదియు వేరువేరు కావు.

2. వేకువ మేల్కొనుట: ఎవరి క్రమశిక్షణ?

ప్రభువు చాల చీకటితోనే లేచి అరణ్య ప్రదేశమునకు వెళ్లి ప్రార్థించెనని మార్కు 1:35 తెలుపుచున్నది. ఏకాంత ప్రార్థన విలువను గూర్చి మాకెట్టి సందేహమును లేదు. కాని ఒక వాక్యములోని సంఘటనను తల్లులందరికి నిత్యనియమముగా మార్చుటకు ముందు మరికొన్ని వాక్యములను చదువవలెను. అదే సువార్తలో తుపాను నడుమ ప్రభువు దోనె అమరమున తలగడమీద నిద్రించెను (4:38). అలసి చావు కోరుకొనిన ఏలీయాకు దేవుడు మొదట ఇచ్చినది నిద్రయు, రొట్టెయు, నీళ్లును. అవి కూడ రెండుమారులు ఇచ్చిన తరువాతనే హోరేబు ప్రయాణము, ఆ తరువాతనే ఆయన స్వరము (1 రాజులు 19:5-12). అలసిన సేవకుని ఇంకను ముందుగా లేవుమని దేవుడు ఆజ్ఞాపింపలేదు.

127వ కీర్తన ఈ చర్చలో అత్యంత ముఖ్యమైనది. వేకువనే లేచి, చాల రాత్రియైన తరువాత పండుకొని, కష్టార్జితమైన ఆహారము తినుట వ్యర్థమని రెండవ వచనము చెప్పుచున్నది. తన ప్రియులకు దేవుడు నిద్రనిచ్చుననియు అక్కడనే కలదు. ఆ వెంటనే మూడవ వచనములో పిల్లలు యెహోవా అనుగ్రహించు స్వాస్థ్యము అను ప్రస్తావన వచ్చును. మన ప్రసంగములలో మూడవ వచనము తరచుగా వినబడును, రెండవ వచనము దానినుండి విడిపోయి మౌనముగా మిగిలిపోవును. పిల్లలు వరమని చెప్పిన కీర్తనయే నిద్ర కూడ వరమని చెప్పుచున్నది. ఈ రెండును ఒకే ఇంటికి ఇయ్యబడిన వరములు.

ఉదయకాలపు ఏకాంత ధ్యానము, అనగా నేడు మనము క్వయిట్ టైమ్ అని పిలుచుదాని చరిత్రయు గమనింపదగినది. దాని ఆధునిక రూపము 19వ శతాబ్దపు చివరి భాగములో ఇంగ్లండు దేశపు కేంబ్రిడ్జి విద్యార్థుల మధ్య బలపడి, జాన్ ఆర్. మాట్ వంటి విద్యార్థి ఉద్యమ నాయకుల ద్వారా లోకమంతట వ్యాపించెను. అది ప్రధానముగా పెండ్లికాని యౌవనుల క్రమశిక్షణ. వారికి వంట వేరొకరు చేసిరి. అదే కాలములో తెలుగు సంఘము ఏ స్థితిలో ఉండెను? 1876-78 నాటి గొప్ప కరవులో జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో కొంతభాగమును గుత్తకు తీసికొని ఆకలితోనున్నవారికి కూలిపని కల్పించెను. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతములో గుండ్లకమ్మ తీరమున ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారు అధిక సంఖ్యలో దళితులు, కాయకష్టముతో బ్రదికినవారు. మన సంఘములకు తొలి తల్లులు వారు. వారి భక్తి నిశ్శబ్దమైన గదిలో తెరచిన గ్రంథము యెదుట పెరిగినది కాదు. చదువురాని అనేకులు విన్న వాక్యమును, కంఠస్థము చేసిన పాటలను పనిచేయుచోటికి మోసికొని వెళ్లిరి. ఇంట కూర్చుండునప్పుడు, త్రోవను నడుచునప్పుడు, పండుకొనునప్పుడు, లేచునప్పుడు వాక్యమును పిల్లలతో మాటలాడవలెనను ద్వితీయోపదేశకాండము 6:7 ఇట్టి భక్తికే సాక్ష్యమిచ్చుచున్నది. ఆ వచనమునకు ప్రత్యేకమైన గంట లేదు, పని నడుమనే దాని స్థలము.

3. మార్త, మరియ: వంటగదిని గూర్చిన ప్రశ్న

లూకా 10:38-42 పై ప్రసంగము వినని క్రైస్తవ తల్లి ఉండదు. మార్త తప్పు పనిచేయుట అనియు, మరియ మంచితనము పనిమానుట అనియు సామాన్యముగా చెప్పబడును. కాని మూలభాషలో మార్త పనికి వాడబడిన పదము దియకొనియ. అపొస్తలుల పరిచర్యకును, పౌలు పరిచర్యకును క్రొత్త నిబంధన వాడు పదము అదే. లూకా ఈ సంఘటనకు ముందు మంచి సమరయుని ఉపమానమును చెప్పి, వెళ్లి అట్లు చేయుమను ప్రభువు ఆజ్ఞతో దానిని ముగించెను. సేవచేయుటను తక్కువచేయుట లూకా ఉద్దేశమైనయెడల ఈ రెండు భాగములను ప్రక్కప్రక్కన ఉంచియుండడు. యోహాను సువార్తలో మార్త ప్రభువును క్రీస్తుగా ఒప్పుకొనెను (11:27). తరువాత బేతనియ విందులో ఆమె మరల ఉపచారము చేసెను, అప్పుడు ఆమెకు గద్దింపు లేదు (12:2).

మరి లూకాలో ప్రభువు సరిచేసినది దేనిని? ఆమె అనేక పనులచేత ఇటునటు లాగబడుటను, విచారమును, తొందరను. అంతకంటె ముఖ్యముగా, పాదములయొద్ద కూర్చుండు శిష్యస్థానము మరియనుండి తీసివేయబడదని ఆయన తీర్పు చెప్పెను. గమలీయేలు పాదములయొద్ద పౌలు పెరిగినట్లు (అపొ. కార్యములు 22:3), ఇది విద్యార్థి స్థానము. ఆ కాలమున స్త్రీకి సులభముగా దొరకని ఆ స్థానమును ప్రభువు కాపాడెను.

మార్త పలికిన మాటలో ఒక పదము ఆలోచింపదగినది. తనకు సహాయము చేయుమని ఆమె వాడిన క్రియాపదము సునాంటిలంబనోమై. భారమునకు అవతలి కొన పట్టుకొని కలిసి ఎత్తుట అని దాని భావము. క్రొత్త నిబంధనలో ఈ పదము మరియొక్క చోటనే కలదు. మన బలహీనతలో ఆత్మ సహాయము చేయుచున్నాడని రోమా 8:26 చెప్పినచోట అదే పదము. మార్త అడిగిన రీతి సరికాకపోవచ్చును. కాని ఆమెకు కావలసినది ఏమో ఆ పదమే చెప్పుచున్నది. అవతలి కొన పట్టుకొనువారు ఆమెకు లేకుండిరి.

మన సంఘములలో ఈ ప్రసంగము ముగిసిన వెంటనే జరుగునదేమి? మరియను గూర్చి విన్న స్త్రీలే లేచి ప్రేమవిందు వడ్డనకు వెళ్లుదురు. మరియవలె కూర్చుండుమని చెప్పిన బోధకుడును, విన్న పురుషులును విస్తరి ముందు కూర్చుందురు. ఎవరును వంట చేయకూడదని ప్రభువు చెప్పలేదు. కాబట్టి మరియలు ఎక్కువ కావలెనన్నయెడల, మార్త పనిని చేయుటకు సంఘములో మరికొందరు లేవవలెను. ఈ రెండవ సగము చెప్పని ప్రసంగము సగము ప్రసంగమే.

4. సామెతలు 31: ఆజ్ఞ ఎవరికి?

గుణవతి అని మన తెలుగు బైబిలులో అనువదింపబడిన హెబ్రీ మాట ఏషెత్ హయిల్. హయిల్ అనగా బలము, సామర్థ్యము, సైన్యము. గిద్యోనును దూత పిలిచిన మాటలో ఇదే పదము కలదు (న్యాయాధిపతులు 6:12), మనవారు అక్కడ పరాక్రమముగల బలాఢ్యుడు అనిరి. రూతును గూర్చి బోయజు ఇదే మాట వాడినచోట యోగ్యురాలు అనిరి (రూతు 3:11). పురుషుని విషయములో పరాక్రమముగా కనబడిన పదము స్త్రీ విషయములో గుణముగా మారుట అనువాదకుల కాలపు ప్రభావమని మేము తలంచుచున్నాము. దీనివలన ఈ భాగము స్త్రీ శక్తికి స్తుతిగా గాక, స్త్రీ నడతకు పరీక్షగా చదువబడుచున్నది.

ఈ భాగము హెబ్రీ అక్షరమాల క్రమములో 22 వచనములుగా కూర్చబడిన పద్యము. అక్షరక్రమ పద్యము ఒక విషయమును మొదటినుండి చివరివరకు సంపూర్ణముగా కొనియాడును. అది దినచర్య పట్టిక కాదు. ఇంకను చీకటియుండగనే ఆమె లేచుననియు (15), రాత్రివేళ ఆమె దీపము ఆరిపోదనియు (18) చెప్పిన రెండు వచనములను దినచర్యగా చదివినయెడల ఆమె ఎన్నడును నిద్రింపలేదని అర్థమగును. ఒక జీవితకాలమంతటిలో ఆమె చేసిన పనులను కవి ఒకచోట కూర్చెను. మనము వాటిని ఒక్క సోమవారములో ఇరికించుచున్నాము. అదియుగాక 15వ వచనములో ఆమెకు పనికత్తెలున్నారు. వారికి పని పంచి ఇచ్చుట ఆమె ఉదయపు పనులలో ఒకటి. ఆ పనికత్తెలును తల్లులై ఉండవచ్చును. మన సంఘములలో అధిక భాగము స్త్రీలు 15వ వచనములోని యజమానురాలికంటె ఆ పనికత్తెలకే సమీపముగా ఉన్నారు.

అన్నిటికంటె గమనింపదగినది ఈ పద్యములోని క్రియలు. స్త్రీకి ఇయ్యబడిన ఆజ్ఞ ఇందులో ఒక్కటియు లేదు. అన్నియు ఆమె చేసినవాటి వర్ణనలే. ఆజ్ఞారూపమైన క్రియ చివరి వచనములో వచ్చును. ఆమె చేతి ఫలమును ఆమెకు ఇయ్యుడి అని బహువచనములో, పట్టణపు గవిని యొద్ద కూడినవారితో కవి పలుకుచున్నాడు. మన అనువాదములో ఇది ప్రతిఫలము ఇయ్యదగును అను సాధారణ వాక్యముగా మెత్తబడినది. కాబట్టి ఈ అధ్యాయములో పని చెప్పబడినది తల్లికి కాదు, సమాజమునకు. యూదుల ఇండ్లలో ఈ పద్యమును శుక్రవారపు సాయంకాలమున, పనులన్నియు ఆగి విశ్రాంతిదినము ప్రవేశించునప్పుడు, ఇంటి యజమానురాలి గౌరవార్థము పాడు ఆచారము కలదు. వారు దానిని విశ్రాంతి ముంగిట ఆమెను కొనియాడుటకు వాడుదురు. మనము దానిని ఆమె పని లెక్క చూచుటకు వాడుచున్నాము.

5. సుసన్నా వెస్లీ: చెప్పబడని సగము

సుసన్నా వెస్లీ (1669-1742) 19 మంది బిడ్డలను కని, వారిలో సుమారు సగము మందిని శైశవములోనే పోగొట్టుకొనెను. దినమునకు ఆరు గంటలు ఇంటిలోనే పాఠశాల నడిపెను. వారములో ఒక్కొక్క సాయంకాలము ఒక్కొక్క బిడ్డతో ఆత్మీయ సంభాషణకు కేటాయించెను, జాన్ వంతు గురువారము. ఆమె పేరట ప్రసంగములలో చెప్పబడు కథలకంటె ఆమె స్వహస్త లేఖలు బలమైన సాక్ష్యములు. ఆ లేఖలు 1997లో చార్లెస్ వాలెస్ సంపాదకత్వమున సమగ్ర సంపుటిగా వెలువడెను.

ఆమె జీవితమును పూర్తిగా చదివినయెడల, సమయమును చక్కగా నిర్వహించుకొన్న తల్లి మాత్రమే గాక, భారము పంచుకొనువారు కరవైన తల్లియు కనబడును. 1702లో రాజుకొరకైన ప్రార్థనకు ఆమేన్ చెప్పలేదను కారణమున భర్త సామ్యూల్ కొంతకాలము ఇల్లు విడిచి వెళ్లెను. 1705లో అప్పు నిమిత్తము ఆయన లింకన్ కోటలో ఖైదు చేయబడెను. అదే సంవత్సరము ఎన్నికల అల్లరిమూకల కేకలచేత నిద్రలేక అలసిన దాది, గాఢనిద్రలో తనకు తెలియకయే పసికందుమీదికి ఒరిగినందున ఆ బిడ్డ ఊపిరాడక చనిపోయెను. 1709 ఫిబ్రవరిలో ఇల్లు కాలిపోగా పిల్లలు వేరువేరు ఇండ్లకు చెదరిపోయిరి. ఆ ఇంటిలో పనివారు కూడ ఉండిరని లేఖలే తెలుపుచున్నవి. పేదరికములోను పనివారున్న ఇల్లు అది.

ఈ వివరములను వదలి ఆమె క్రమశిక్షణను మాత్రము మాదిరిగా చూపినయెడల, ఆమెకు ఎదురైన అన్యాయమును కూడ మాదిరిగా మార్చినవారమగుదుము. 1705 నాటి ఆ దాది వృత్తాంతము నిద్రలేమిని పరిశుద్ధతగా పొగడు వారందరికి హెచ్చరికగా ఉండవలెను. మరియొక సంగతి. 1711-12 చలికాలమున భర్త లండనులో ఉండగా ఆమె ఆదివారపు సాయంకాలములలో ఇంటివారికి ప్రసంగములు చదివి వినిపించెను. పనిపిల్లవాని ద్వారా విని అతని తలిదండ్రులు వచ్చిరి, క్రమముగా ఇరుగుపొరుగువారు సుమారు 200 మంది కూడిరి. ఆ కూటములు మానుమని భర్త వ్రాయగా, స్పష్టముగా ఆజ్ఞాపించినయెడల మానెదను, కాని దేవుని తీర్పు యెదుట ఆ బాధ్యత నీదే అను భావముతో ఆమె బదులు వ్రాసెను. ఈ సుసన్నాను మన మాతృదినోత్సవ ప్రసంగములు అరుదుగా తలంచును.

6. లేఖనము చూపు మార్గము

తల్లి అలసటను గూర్చి లేఖనములో ఒక ప్రత్యక్ష ప్రస్తావన కలదు. ఆశ్చర్యకరముగా అది ఒక పురుషుని నోట వచ్చినది. సంఖ్యాకాండము 11:11-15లో మోషే దేవునికి మొరపెట్టుచు, ఈ జనమంతటిని నేనే గర్భమున ధరించితినా, నేనే కంటినా, పాలిచ్చువాడు పసిపిల్లను మోయునట్లు నేను వీరిని రొమ్మున మోయవలెనా అను భావముతో మాటలాడెను. ఒంటరిగా మోయలేను, ఇంతకంటె చంపివేయుట మేలు అనెను. మితిమీరిన భారమును చెప్పుటకు ఆ మహాప్రవక్తకు దొరికిన ఉపమానము తల్లితనమే.

దేవుడిచ్చిన జవాబు 16, 17 వచనములలో కలదు. ఆయన మోషేను గద్దింపలేదు. ఇంకను ముందుగా లేచి ప్రార్థించుమనలేదు. ప్రాధాన్యతలను సరిచేసికొనుమనలేదు. 70 మంది పెద్దలను సమకూర్చుమనెను. అతనిమీదనున్న ఆత్మలో పాలు వారికిచ్చెదననియు, అతడు ఒంటరిగా మోయకుండునట్లు వారును భారమును మోయుదురనియు చెప్పెను. నిర్గమకాండము 18లో యిత్రో ఇచ్చిన సలహా ఇదే మార్గములోనిది. అపొస్తలుల కార్యములు 6లో భోజన పరిచర్య భారమైనప్పుడు ఆదిమ సంఘము చేసినదియు ఇదే. బల్లలయొద్ద ఉపచారము చేయుటకు ఏడుగురు పురుషులను ఏర్పరచి, చేతులుంచి ప్రార్థించిరి. వడ్డన పని అభిషేకమునకు తగినదని ఆ సంఘము తలంచెను.

సమయమును గూర్చిన ఎఫెసీ 5:16ను కూడ ఈ వెలుగులో చదువవలెను. అక్కడి పదము గడియారపు కాలమును సూచించు ఖ్రోనొస్ కాదు, దేవుడిచ్చు అనుకూల సమయమును సూచించు కైరొస్. ఆ ఆజ్ఞ సంఘమంతటికిని బహువచనములో ఇయ్యబడినది. దానిని తల్లులకు మాత్రము నినాదముగా చేయుట వాక్యమును కుదించుట.

విశ్రాంతి దినపు ఆజ్ఞయు ఇట్టిదే. నిర్గమకాండము 20:10లో కుమారుడు, కుమార్తె, దాసుడు, దాసి, పశువు, పరదేశి అందరును పేర్కొనబడిరి. భార్య వేరుగా పేర్కొనబడలేదు. నీవు అను పిలుపులోనే ఆమెయు చేరియున్నదని గ్రహింపవలెను. లేనియెడల పశువుకు దొరికిన విశ్రాంతి తల్లికి దొరకలేదని చెప్పవలసివచ్చును. వండవలసినది ముందు దినమే వండుకొనుడని నిర్గమకాండము 16:23 వంటగదికి కూడ విశ్రాంతి విధించినది. మన ఇండ్లలో ఆదివారము తల్లికి అతి కష్టమైన దినము. పిల్లలను సండే స్కూలుకు సిద్ధపరచుట, ఆరాధన, ఆ తరువాత మిగిలిన దినములకంటె పెద్ద వంట, అతిథులు. మనము ఆదివారమును ఆచరించుచున్నామా, లేక ఆమె ఆచరింపకుండ చేయుచున్నామా?

ఈ ప్రశ్న ఊహాజనితము కాదు. భారత ప్రభుత్వ జాతీయ గణాంక కార్యాలయము 2019లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారము, జీతములేని ఇంటిపనిలో పాల్గొనిన స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములు, పురుషులు 97 నిమిషములు వెచ్చించిరి. ఆ పనిలో పాల్గొనినవారు స్త్రీలలో 81.2 శాతము, పురుషులలో 26.1 శాతము మాత్రమే. 2024 సర్వేలో ఆ నిమిషములు స్త్రీలకు 289, పురుషులకు 88. ఇవి సర్వజనుల లెక్కలు. మన ఇండ్లు వీటికి మినహాయింపు అని చెప్పుటకు మనకు ధైర్యమున్నదా? దినమునకు ఐదు గంటల పని ఒకవైపు ఉండగా, సమయ నిర్వహణ బోధ ఆమెకే చేయుట న్యాయమా?

7. ఒక ఆక్షేపణ, కొన్ని ప్రతిపాదనలు

ఇట్లు బోధించినయెడల తల్లులలో సోమరితనము పెరుగునని, భక్తి సన్నగిల్లునని కొందరు ఆక్షేపింపవచ్చును. ప్రతివాడును తన బరువు తానే భరించుకొనవలెనని గలతీ 6:5 చెప్పుటలేదా? చెప్పుచున్నది. కాని అదే అధ్యాయము రెండవ వచనము ఒకని భారములనొకడు భరింపవలెనని ముందుగా చెప్పినది. మూలభాషలో ఈ రెండు పదములు వేరు. ఐదవ వచనములోని ఫొర్తియొన్ ఒక ప్రయాణికుడు మోయు తన మూట. రెండవ వచనములోని బారె ఒక్కరు మోయలేని బరువులు. మూటను మోయుట క్రమశిక్షణ, బరువును పంచుకొనుట క్రీస్తు నియమము. ఛార్లెస్ హమ్మెల్ 1967లో ప్రచురించిన చిన్న పుస్తకము తరువాత అత్యవసరమైనదానిని, ముఖ్యమైనదానిని వేరుచేయు పద్ధతి క్రైస్తవ లోకమున ప్రసిద్ధమాయెను. ఫోను తెరలకు, అనవసర విందులకు, పోటీ ఆడంబరములకు సమయము వ్యర్థము చేయువారికి ఆ వివేచన అవసరమే. కాని చంటిబిడ్డ ఏడ్పు అత్యవసరమును ముఖ్యమును ఒకేసారి అయియున్నది. అక్కడ పనికివచ్చునది పట్టిక కాదు, మరియొక జత చేతులు.

కాబట్టి మేము నాలుగు ప్రతిపాదనలు చేయుచున్నాము. ఒకటి, తల్లుల సమయమును గూర్చి ప్రసంగించు ప్రతి బోధకుడు అదే ప్రసంగములో పురుషులతోను, సంఘ పెద్దలతోను మాటలాడవలెను. రెండు, ప్రేమవిందు వంట, వడ్డన, పాత్రల శుభ్రతను పురుషులకును యౌవనులకును వంతులవారీగా అప్పగించుటకు పాస్టరేట్ కమిటీలు తీర్మానింపవలెను. మూడు, చంటిబిడ్డల తల్లులు కూటములకు రానప్పుడు హన్నాను జ్ఞాపకము చేసికొని, సంఘమే వారి ఇంటికి వెళ్లవలెను. వెళ్లువారు వాక్యముతో కూడ వండిన అన్నమును కొనిపోవుట మేలు. నాలుగు, పాస్టరమ్మగారిని జీతములేని రెండవ కాపరిగా ఎంచు అలవాటును విడిచిపెట్టవలెను. ఆమె కూడ ఒక తల్లియే.

ఏశావు తనతో కలిసి ప్రయాణము చేయుదమనినప్పుడు యాకోబు అంగీకరింపలేదు. పిల్లలు పసివారు, పాలిచ్చు మందలు వెంట ఉన్నవి, ఒక్క దినము వడిగా తోలినయెడల మందంతయు చచ్చును, కనుక వారి నడకకొలది మెల్లగా వచ్చెదనని చెప్పెను (ఆదికాండము 33:13-14). పాలిచ్చువాటిని మెల్లగా నడిపించు కాపరిగా దేవుని యెషయా 40:11 చూపుచున్నది. మన సంఘముల నడక ఎవరి నడకకొలది ఉండవలెనో ఈ రెండు వచనములే నిర్ణయించుచున్నవి. తిమోతి విశ్వాసము అవ్వయైన లోయి, తల్లియైన యునీకే అను ఇద్దరి చేతులలో పెరిగినదని పౌలు వ్రాసెను (2 తిమోతి 1:5). అతనిని పెంచుటలో యునీకే ఒంటరిగా లేదు. మన సంఘములలో నేడు ఏ తల్లియు ఒంటరిగా ఉండకుండ చూచుట కాపరుల పని, పెద్దల పని, భర్తల పని.